గడప దాటాక ఎటు పోయినవ్?

ఈ మధ్యాహ్నం బీదర్‌లో మా నాటకం అయ్యాక, ఎప్పటిలాగే ప్రేక్షకులతో చర్చ పెట్టాం. చివరి రంగంలో భర్తతో తెగతెంపులు చేసుకుని ఇల్లు వదిలి వెళ్లిపోయే భార్య వేషం నాది. అతిథిగా వచ్చిన లెక్చరర్ గారు ఆ వెళ్లిపోవడంలోని అంతరార్థాన్ని ముప్పావు గంట వివరించారు. ఈలోగా ప్రేక్షకుల్లో సగం మంది నిజంగానే వెళ్లిపోయారు.

ప్రశ్నలు అడగమంటే, జనవాడ నుంచి వచ్చిన నర్సమ్మ అనే పెద్దావిడ లేచి నిలబడింది.

"బిడ్డా, ఇల్లిడిసి ఎటు పోయినవ్?" అని నన్నే అడిగింది.

"నాటకం అక్కడికే అయిపోయింది కదమ్మా" అన్నాను.

"నాటకం అయిపోతది. మరి నువ్వు యాడ పండుకోవాలె? నేను గూడ గట్లనే ఇల్లిడిసి వచ్చిన. బస్టాండుల కూసున్నంక, ఎవలింటికి పోవాలెనని ఫికరైంది. చిట్గుప్ప ఊర్ల మా అక్క ఉండె కాబట్టి బతికిన."

లెక్చరర్ గారు మైకు అందుకుని, ముగింపును ప్రేక్షకుల ఊహకు వదిలేశారని చెప్పారు. ఆమె కూర్చోలేదు. జవాబు కోసం నా వైపే చూస్తూ నిలబడింది.

"అక్క ఇంటికి పోయిన" అన్నాను చివరికి.

"గట్ల చెప్పు" అని కూర్చుంది.

రేపటి ప్రదర్శనలో గడప దాటే ముందు 'అక్క ఇంటికి పోతున్న' అని ఆ ఒక్క మాట అంటానని డైరెక్టర్‌ను అడిగాను. నాటకం పాడవుతుందన్నారు. వెళ్లిపోయే మనిషికి చేరే చోటుంటే నాటకం ఎలా పాడవుతుందో నాకైతే అర్థం కాలేదు. మీరేమంటారు?