సుగుణ మేడం తీసుకున్న మొదటి కట్ట

ఈ సాయంత్రం మా పాప పక్కింటి పెరట్లో ఆడుకుని వచ్చి, రెండు చేతులూ నా ముక్కు దగ్గర పెట్టింది. టమాట ఆకు వాసన. సబ్బుతో కడిగినా పోని పచ్చి వాసన. పాప ఎప్పుడో పడుకుంది. గద్వాలలోని ఈ అద్దె ఇంట్లో కూర్చున్న నాకు మాత్రం వనపర్తిలోని చర్చి ఆవరణ, అక్కడి కూరగాయల మడులు, వాటి మధ్య కుచ్చిళ్లు బొడ్డులో దోపుకుని అందరినీ కేకలేసే సుగుణ మేడం కళ్ల ముందు కదులుతున్నారు.

ఆమె బాలికల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరయ్యారు. చర్చి వెనక ఖాళీగా పడివున్న జాగాను పెద్దలను అడిగి తీసుకుని తోట చేశారు. వీధిలోని ఆడవాళ్లం వీలున్నప్పుడు వెళ్లి పనిచేసేవాళ్లం. పండిందంతా గేటు పక్కన గదిలోకి చేరేది. వలసపోయి పని దొరక్క తిరిగొచ్చిన కుటుంబాలు, ఒంటరి ఆడవాళ్లు, దవాఖాన ఖర్చులతో చితికిపోయినవాళ్లు సాయంత్రం వచ్చి కావలసింది తీసుకుపోయేవాళ్లు. మేడంకు సేద్యం అంతగా రాదు. ఒకసారి మిరప మొక్కలకు అదే పనిగా నీళ్లు పోసి వేర్లు కుళ్లబెట్టారు. తప్పు మొక్కలదేనని వాటినే తిట్టారు.

నేను అక్కడికి వెళ్లింది సేవ చేద్దామని కాదు. పాప పుట్టాక నాకు భయం పట్టుకుంది. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేదాన్ని. ఎవరు ఎత్తుకున్నా గుండె దడదడలాడేది. మా ఇల్లు తోటకు ఎదురుగానే. ఒక పొద్దున మేడం ప్రహరీ మీంచి కేకేశారు.

"ఏమ్మా, పొద్దంత ఆ తలుపు కాడ్నే నిలబడ్తవేంది? పోలీసోళ్లు కావలి పెట్టిన్రా? బిడ్డనెత్తుకోని గిటు రా."

వెళ్లాను. పాపను చాప మీద కూర్చోబెట్టి గడ్డి పీకుతుంటే అది మట్టి నోట్లో పెట్టుకుంది. నేను అరుస్తూ పరుగెత్తాను.

"జర్రంత తిన్నది, గంతే. మడి మొత్తం తింటే అప్పుడు పిలువు నన్ను," అన్నారు మేడం తల ఎత్తకుండానే. పాప పుట్టాక నేను గట్టిగా నవ్వింది ఆ రోజే అనుకుంటాను.

గదిలో పని కూడా ఆమే నేర్పారు. ఒకరోజు ఒకావిడకు గుప్పెడు పచ్చిమిరపకాయలు అందించబోతే ఆవిడ చటుక్కున చేయి వెనక్కి తీసుకుంది. వద్దంటోందేమో అనుకున్నాను. "మిరపకాయలు చేతికిస్తవా? మీ ఇద్దరికి కొట్లాట పెట్టుకునుడు ఉన్నదా ఏంది? బండ మీద పెట్టు," అని మేడం గదమాయించారు. ఆ పట్టింపు మా ఇంట్లోనూ ఉంది, హడావుడిలో మరిచిపోయాను. అయితే మేడం మిరపకాయలే కాదు, వంకాయలు, ఆకుకూరలు అన్నీ గుమ్మం పక్క బండ మీదే పెట్టి అటు తిరిగి నిలబడేవారు. ఎందుకని అడిగాను.

"చేతికిస్తే మొహం చూడాలె. మొహం చూస్తే ‘ఏంది, నీ మొగనికి ఇంక పని దొర్కలేదా’ అని అడుగుత. నా నోరు నాకు తెల్వదా?"

తోటకు ఒక గట్టి నియమం ఉండేది. మడిలో పనిచేసేవాళ్లు ఆకు కూడా ఇంటికి తీసుకుపోకూడదు. అంతకుముందు ఎవరో సంచి నింపుకుని వెళ్తే, బీదోళ్ల పేరు చెప్పి వీళ్లే తింటున్నారని వీధిలో మాట వచ్చిందట. అప్పుడు మేడం పెట్టిన నియమం అది. నాకూ న్యాయంగానే తోచింది, మా ఆయన పనిచేసే ప్రైవేటు స్కూలు మూతపడే దాకా.

అప్పుడే పాపకు అన్నం అలవాటు చేస్తున్నాను. పప్పు కట్టు, అన్నం, మళ్లీ పప్పు కట్టు. అంగన్‌వాడీలో తూకం వేస్తే బరువు పెరగలేదన్నారు. పొద్దున కట్టలు కట్టలుగా పాలకూర కోసి గదిలో పెట్టి, వట్టి చేతులతో ఇంటికి వచ్చేదాన్ని. "పాప ఏంది గిట్ల చిన్నవోయింది?" అని మేడం అడిగితే పళ్లొస్తున్నాయన్నాను. తర్వాత తోటకు వెళ్లడం మానేశాను. పని మానేస్తే నియమం వర్తించదు కదా, అందరిలా సాయంత్రం వెళ్లి తీసుకోవచ్చు కదా అనుకున్నాను. సంచి పట్టుకుని మలుపు దాకా వెళ్లాను. నాతో కలిసి గడ్డి పీకిన లక్ష్మక్క గది ముందు కనిపించగానే అక్కడే ఆగిపోయాను. గేటు దగ్గర నిలబడ్డ మేడం నన్ను, నా చేతిలోని సంచిని చూశారు. చటుక్కున అటు తిరిగారు.

మర్నాడు పొద్దున మళ్లీ కేక. "పాలకూర ముదిరిపోతున్నది, కోయనీకి మనుషుల్లేరు, రా!" వెళ్లాను. కోత అయ్యాక ఆమె అందరి ముందూ ఒక పెద్ద కట్ట తీసి తన సంచిలో పెట్టుకున్నారు. నాలుగు టమాటలు కూడా.

లక్ష్మక్క నోరు తెరిచింది. "గదేంది మేడం! రూలు మాకేనా? పెన్షనొచ్చేటోళ్లకు కూరకు కొదవనా?"

"ఉన్నది కొదవ. ఇయ్యాల ఇంట్ల ఏం లేదు. రూలు పెట్టింది నేనే, తీసేసేది నేనే. పండించినోళ్లు తినొద్దని ఏ దేవుడు చెప్పిండు? పట్టుండ్రి సంచులు."

లక్ష్మక్క నవ్వుతూ ఒక కట్ట తీసుకుంది. తర్వాత మరొకావిడ. ఆ తర్వాత నేను. మేడం అప్పటికే అటు తిరిగి మొక్కలను తిడుతున్నారు.

ఆ మధ్యాహ్నం పాప పాలకూర పప్పు తిని, గిన్నె వదలక ఏడ్చింది. మా ఆయనకు గద్వాలలో ఉద్యోగం దొరికే దాకా మా పొయ్యి మీద ఆ తోట కూరే ఉడికింది. వీధిలో మాత్రం పాత మాట మళ్లీ లేచింది. ఈసారి మేడం పేరుతోనే. పెన్షన్ చాలక బీదోళ్ల కూర తింటోందన్నారు. ఆమె చెవిన పడకుండా ఉంటుందా? ఊరు మారే ముందు ధైర్యం చేసి అడిగాను, "అదంతా నా కోసమేనా మేడం?" అని.

"నీకేం తక్కువనే? నాకు పాలకూరంటే పానం," అన్నారు. పాలకూర మేడంకు పడదని డాక్టరు చెప్పిన సంగతి, ఆమె పోయాక పలకరింపుకు వెళ్తే వాళ్లమ్మాయి చెప్పింది.

మొన్న పాపకు జ్వరమొస్తే దవాఖానకు తీసుకెళ్లాను. మధ్యాహ్నం ఎవరో దాతలు బండి మీద అన్నం తెచ్చారు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకమ్మాయి దూరంగా గోడకు ఆనుకుని, బండి వైపు చూడనట్టు చూస్తోంది. నేను లేచాను.

"అమ్మా, మనం డబ్బా తెచ్చుకున్నాం కదా?" అంది పాప గట్టిగా.

"ఆకలైతోందే," అని బండి దగ్గరికి వెళ్లి, ప్లేటు పట్టుకుని అన్నం పెట్టించుకున్నాను. పక్కన నిలబడి తినడం మొదలుపెట్టాను. సాంబారు పల్చగా, వేడిగా ఉంది. రెండు ముద్దలు అయ్యేసరికి నా వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. నేను అటు చూడలేదు.