బస్తాలో గాలి

ముత్యం ఇరవై ఒకటో ఏట బాయిలో దిగాడు. గోదావరిఖనిలో బొగ్గుగనిని బాయి అనే అంటారు. పేల్చిన బొగ్గును తట్టలకెత్తి, పట్టాల మీద నడిచే టబ్బులు నింపడం అతని పని. ముప్పై ఏళ్లకు పైగా అదే చేసి రిటైరయ్యాక, బసంత్‌నగర్ అవతల సొంతూళ్లో రెండెకరాల్లో వరి పెట్టుకున్నాడు. చదువు అయిదో తరగతితోనే ఆగింది గానీ, దేన్నయినా చూస్తే ‘ఇది ఎట్లయింది’ అని అడగనిదే ఊరుకునే మనిషి కాదు.

అతన్ని ఎక్కువ కాలం వేధించిన ప్రశ్న బాయిలోనే పుట్టింది. ఒకరోజు మొదటి షిఫ్టులో, తనతో జోడీగా పనిచేసే నర్సింగం కట్టె ముక్క కోసమని వాడకం ఆగిపోయిన పక్క సొరంగంలోకి వెళ్లాడు. ఎంతసేపటికీ రాకపోతే ముత్యం వెళ్లి చూశాడు. కొంచెం లోపల నర్సింగం గోడకానుకుని కునుకు తీస్తున్నట్టు కూర్చుని ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. ముత్యం రెండడుగులు వేశాడో లేదో మోకాళ్లలో సత్తువ పోయింది. ఎలాగో వెనక్కి వచ్చి కేకేశాడు.

సర్దార్ రఘుపతి పరుగున వచ్చాడు. కార్మికుల భద్రత చూసే సర్దార్ చేతిలో ఎప్పుడూ గాజు చిమ్నీ, జాలీ ఉన్న దీపం ఉంటుంది. దాన్ని సొరంగంలోకి చాచి పట్టుకున్నాడు. మంట చిన్నదైంది, ఇంకా చిన్నదైంది, ఆరిపోయింది. రఘుపతి గబగబా ముత్యం నడుముకు తాడు కట్టాడు.

“దమ్ము బిగవట్టి పో. కాలు దొరకంగనే గట్టిగ పట్టుకో, మేం గుంజుతం.”

ఇద్దర్నీ బయటికి లాగారు. నర్సింగం నాలుగు రోజులు దవాఖానలో ఉండి మళ్లీ డ్యూటీకి వచ్చాడు. ముత్యం మాత్రం రఘుపతిని వదల్లేదు.

“ఏం గ్యాసన్నా అది? వాసన లేదు, పొగ లేదు.”

“చెడ్డ గాలి.”

“యాడికెళ్లి వచ్చింది?”

“యాడికెళ్లి వస్తే నీకెందుకే? అటు దిక్కు పోకు, అంతే.”

అతను మళ్లీ అటు పోలేదు. ఆ మాట మాత్రం మనసులో అట్లాగే ఉండిపోయింది.

నిరుడు వానాకాలం ముందు ఊళ్లో రైతుల మీటింగు జరిగింది. వ్యవసాయ శాఖ నుంచి వచ్చిన సంతోషి అనే అమ్మాయి, యూరియా ఒక్కసారే గుమ్మరిస్తే సగం వృథా అని చెబుతూ, “గాలిలకెళ్లి వచ్చింది మళ్ల గాలిలకే పోతది” అంది. అందరూ నవ్వారు. ముత్యం లేచి నిలబడ్డాడు.

“గాలిలకెళ్లి వచ్చుడేంది బిడ్డా?”

“యూరియాల ఉండే నత్రజని గాలిదే, కాకా. ఫ్యాక్టరీల గాలిలకెళ్లే తీస్తరు.”

“చేతికి దొరకని గాలి బస్తాల పడి నలభై అయిదు కిలోలు ఎట్ల తూగుతది?”

సంతోషికి నవ్వొచ్చింది, కానీ కొట్టిపారేయలేదు. “నేను పుస్తకాల చదివిన్నంతే. గోదావరిఖనిల మా పక్కింట్ల ఒక సారు ఉంటడు. పాత ఎరువుల ఫ్యాక్టరీల ఇంజనీరు. పోదమా?”

ఆ ఇంజనీరు అచ్యుతరావు. కాకినాడ వైపు నుంచి పాతికేళ్ల వయసులో ఉద్యోగానికొచ్చి, ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా ఇక్కడే ఉండిపోయాడు. ముత్యం బాయిలో పనిచేశాడని తెలియగానే కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

“మీరు పంపిన బొగ్గే మాకొచ్చేదండి. బొగ్గు, నీటి ఆవిరి కలిపి హైడ్రోజన్ తీసేవాళ్లం. గాలిలోంచి నత్రజని. ఆ రెండిటినీ బాగా వేడిచేసి, బాగా ఒత్తిపెట్టి, ఇనుము మీదుగా పంపితే అమ్మోనియా అవుతుంది. యూరియా దాంతోనే.”

ముత్యం మొహం చూసి, అర్థం కాలేదని గ్రహించి, లోపలి నుంచి ఒక కొవ్వొత్తి, గాజు గ్లాసు తెచ్చాడు. కొవ్వొత్తి వెలిగించి దానిమీద గ్లాసు బోర్లించాడు. మంట చిన్నదైంది, ఇంకా చిన్నదైంది, ఆరిపోయింది.

ముత్యం గ్లాసు మీదికి వంగి చూశాడు.

“గ్లాసు ఖాళీ అయిందంటారా?” అడిగాడు అచ్యుతరావు. “లేదండి. ఆక్సిజన్ తగ్గిందంతే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నత్రజనే.”

“సారూ,” అన్నాడు ముత్యం మెల్లగా, “నర్సింగం కూలవడ్డది గిందులనేనా?”

నర్సింగం ఎవరో అచ్యుతరావుకు తెలియదు. ముత్యం మొదటి నుంచీ చెప్పాడు. అంతా విని ఆయన వివరించాడు.

“మూలపడ్డ సొరంగంలో బొగ్గూ, పాత కట్టెలూ ఏళ్ల తరబడి ఆక్సిజన్‌ను తినేస్తాయి. కాస్త బొగ్గుపులుసు వాయువు పుడుతుంది, మిగతాదంతా నత్రజని. అది విషం కాదండి. ఇప్పుడు కూడా మనం పీలుస్తున్నాం. కానీ దానితో మాత్రమే మనిషి బతకలేడు.”

“అంటే యాడికెళ్లీ రాలే,” అన్నాడు ముత్యం. “ఆన్నే ఉండె.”

ఆ పూటంతా అక్కడే గడిచింది. నూరేళ్లకు ముందు దేశాలు సముద్రపు దీవుల మీది పక్షుల రెట్టను ఓడల్లో తెచ్చుకుని పొలాలకు వేసేవని, తర్వాత గాలిలోంచే నత్రజని పట్టడం నేర్చుకున్నారని, వెనువెంటనే వచ్చిన పెద్ద యుద్ధంలో దానితోనే బాంబుల మందూ చేశారని అచ్యుతరావు చెప్పాడు. బాయిలో బొగ్గు పేల్చే మందులో కూడా అదే ఉంటుందన్నాడు.

“మరి ఫ్యాక్టరీ లేనప్పుడు మా అవ్వోళ్ల పంటకు నత్రజని ఎవలు పట్టిచ్చిన్రు?” అనడిగాడు ముత్యం.

“పెసర చెట్టు పీకి వేరు చూడండి.”

మర్నాడే చూశాడు. వేళ్ల నిండా ఆవగింజలంత బుడిపెలు. వాటిలో కంటికి కనపడని జీవులుంటాయని, అవి ఏ మంటా లేకుండా గాలిలోంచి నత్రజనిని పట్టుకుంటాయని సంతోషి చెప్పింది. ముత్యం నర్సింగం ఇంటికి వెళ్లి అచ్యుతరావు చెప్పిందంతా చెప్పాడు. “నాకైతే మంచిగ నిద్రొచ్చినట్టుండె. ఏ ఫికరూ లేకుండె,” అన్నాడు నర్సింగం.

ఆ ఏడు ఒక ఎకరంలో నాట్లకు ముందు, పెసరలాగే వేళ్లకు బుడిపెలుండే జీలుగ చల్లాడు. “వరి మడిల గడ్డి పెంచుతున్నవా?” అని భార్య సారవ్వ సణిగింది. నడుమెత్తు పెరిగాక కలియదున్నించాడు. ఆ మడికి యూరియా సగమే వేశాడు. వడ్లు మాత్రం రెండో ఎకరంతో సమానంగా వచ్చాయి. ఒక్క పంటతో ఏదీ తేలదని సంతోషి అంటే, ఈ ఏడు రెండెకరాల్లోనూ చల్లాడు.

మొన్న ఒక జీలుగ మొక్క పీకి బుడిపెను గోటితో చీల్చాడు. లోపల ఎర్రగా ఉంది. తడిగుడ్డలో చుట్టుకుని బస్సెక్కి అచ్యుతరావు దగ్గరికి తెచ్చాడు. ఆయన కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు.

“ఇది నాకూ తెలీదు, ముత్యం గారూ.”

ఇద్దరూ ఆటోలో డిగ్రీ కాలేజీకి పోయారు. అక్కడ సైన్సు చెప్పే హర్షిణి అనే లెక్చరర్ బుడిపెను చూడగానే, “ఇనుము పెద్దనాయనా. మన రక్తాన్ని ఎర్రగ చేసేటిదే. లోపలి జీవులకు ఆక్సిజన్ ఎక్కువ తాకకుండ ఆపుతది,” అంది. బుడిపెను నలిపి ఒక చుక్క గాజుబిళ్ల మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టింది.

ముత్యం ఒక కన్ను మూసి వంగాడు. సన్నటి గీతల్లాంటివి గుంపులు గుంపులుగా కనిపించాయి. ఎంతకీ తల ఎత్తలేదు.

“నాకూ కాస్త చోటివ్వండి,” అన్నాడు వెనక నిలబడ్డ అచ్యుతరావు.

“ఒక్క నిమిషం ఆగు సారూ,” అన్నాడు ముత్యం.