వాము కషాయం తాగిన సైక్లామెన్

జానెడు పూలకుండీతో ఇంటిల్లిపాది పరువు మూసీలో ఎలా కలపాలో తెలుసుకోవాలని ఉందా? నన్నడగండి. అనుభవజ్ఞుణ్ణి.

కిషన్‌బాగ్‌లో మాది పాల వ్యాపారం. ఇంట్లో ఇరవై బర్రెలు, అమ్మ, నేను. ఎవరి మాట ఎంత చెల్లుతుందో కూడా ఆ వరసలోనే చూసుకోండి. మా దగ్గర పాలు పోయించుకునే, నాకు పెద్దమ్మలాంటి రజియా ఖాలా రిటైరైన టీచరు, నన్ను పదో తరగతి గట్టెక్కించిన మనిషి. ఫిబ్రవరిలో కూతురి కాన్పుకని బెంగళూరు వెళ్తూ, గులాబీరంగు పూల సైక్లామెన్ కుండీని నా చేతుల్లో పెట్టింది. పోయిన భర్త ఊటీ నుంచి తెచ్చిన ఆఖరి మొక్క అది. ఆరు చలికాలాలుగా ప్రాణంలా సాకుతోంది.

"సునో బేటా, నీళ్లు మీదికెల్లి పొయ్యకు, గడ్డ కుళ్లిపోతది. కింద పల్లెంల పొయ్యి, అదే తాగుతది. సల్లటి జాగల పెట్టు. ఇగ ఎండలు ముదిరినంక..."

"ఖాలా! ఇరవై బర్రెలను సాకుతున్నోళ్లం, గీ ఒక్క మొక్కను సాకలేమా? మీరు బేఫికర్‌గ పోయిరాండ్రి."

సగంలో ఆగిన ఆ మాటను గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

పాల క్యాన్లను ఐసునీళ్ళ తొట్టిలో ఉంచే గది మా ఇంట్లోకెల్లా చల్లన. దాని కిటికీలో కుండీకి రాజభోగమే. రేకులన్నీ వెనక్కి విరుచుకున్న ఆ పూలు, తల్లి దగ్గరికి పరుగెత్తే దూడ చెవుల్లా ఉండేవి. పాలకొచ్చిన వాళ్ళందరికీ చూపించి, వాటిని నేనే కన్నట్టు నిలబడేవాణ్ణి.

ఏప్రిల్‌లో పూలు రాలాయి. తర్వాత ఆకులు పసుపెక్కి ఒక్కొక్కటే వాలిపోసాగాయి.

"అమ్మా, ఏందే గిట్లయింది?"

అమ్మ కుండీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. "మేత ముడతలేదురా ఇది."

"అది మొక్కనే, బర్రె కాదు!"

"పానం పానమే గదరా. మన నల్లది గిట్లనే తల వాలేస్తే ఏం జేసినం?"

"వాము కషాయం తాపినం."

"లేసిందా, లేదా?"

"లేసింది."

"మరి?"

పదో తరగతి పాసైనవాణ్ణి, ఈ తర్కం ముందు ఫెయిలయ్యాను. వాము, శొంఠి, బెల్లం మరిగించి, చల్లార్చి, ఖాలా చెప్పిన పద్ధతి తప్పకుండా కింద పళ్ళెంలోనే పోశాం. నియమం నియమమే కదా! మర్నాడు ఇంకో మూడు ఆకులు రాలాయి. అమ్మ దిష్టి తీసి కుండీకి నల్లతాడు కట్టింది. వారం తిరిగేసరికి మట్టిలోంచి తొంగిచూసే బోడి గడ్డ ఒక్కటే మిగిలింది. ఇంకెవరిని ఉద్ధరించడానికని, నీళ్ళు పోయడం కూడా మానేశాను.

మే నెలలో ఖాలా తిరిగొచ్చింది. కుండీని తెల్లగుడ్డలో చుట్టి నేను, ఓదార్పుగా జున్నుపాలు పట్టుకుని అమ్మ, నయాపూల్ కోర్టు మెట్లెక్కే ముద్దాయిల్లా వెళ్ళాం.

"ఖాలా, మాఫ్ చెయ్యండ్రి. సాబ్ తెచ్చిన మొక్క... నా చేతులల్లనే పోయింది."

ఖాలా గుడ్డ విప్పింది. గడ్డను బొటనవేలితో నొక్కింది. ఆ వేలి కింద నా గుండె ఉంది.

"గట్టిగనే ఉంది గదా."

"ఏంది?"

"పండుకుంది బేటా. ఎండాకాలమంత గిట్లనే పండుకుంటది. ఆకులు రాలుతుంటే నీళ్లు బంద్ చెయ్యమని చెప్పబోతే, నువ్వు ఇరవై బర్రెల కథ సురువు చేస్తివి."

"బంద్ చేసిన ఖాలా!"

"ఎట్ల తెల్సింది నీకు?"

"తెల్వలే. ఆశ పోయి బంద్ చేసిన."

"షుకర్ హై. నీకు ఆశ పోయింది, దీనికి పానం దక్కింది." ఆమె కుండీని ముక్కు దగ్గరికి తీసుకుంది. "గని మట్టిల గీ వాము వాసనేంది?"

నేను గోడగడియారం వైపు చూశాను.

"జున్నుపాలకు గిన్నె తెండ్రి రజియా ఆపా," అంది అమ్మ.

చలికాలానికి గడ్డ నిద్రలేచి విరగబూసింది. అది వాము మహిమేనని అమ్మ ఇప్పటికీ వాదిస్తుంది. ఖాలా మాత్రం కథను బస్తీ మొత్తానికి చేరవేసింది. మధ్యాహ్నం నేను కాస్త కునుకు తీస్తే చాలు, పాలకొచ్చిన వాళ్ళు తొంగిచూసి కేకేస్తారు: "అమ్మా, మీవోడు ఆకులు రాల్చిండు, కషాయం పొయ్యి!"

ఈ ఏడు ఊరెళ్తూ ఖాలా కుండీని మళ్ళీ నాకే అప్పగించింది. దానికో కాగితం అతికించి ఉంది: "పండుకుంటది. పండుకోనియ్యి. వాము వద్దు."

కనుక ఇరవై బర్రెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పెద్దల మాటను చివరి చుక్క దాకా వింటాను. నిద్రపోతున్న ఏ ప్రాణికీ వైద్యం చేయను. బర్రెలు కూడా నెమరు ఆపి విన్నాయి. నమ్మినట్టు మాత్రం కనిపించలేదు.