కొట్టంలో పడవ

చిన్నాయన పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను సోలార్ పార్కులో ప్యానెళ్లు కడుగుతున్నాను. పొద్దున కాఫీ తాగి కొట్టం గడపలో కూర్చున్నవాడు అట్లే పక్కకు ఒరిగాడని చిన్నమ్మ చెప్పింది. చేతిలోని నీళ్ల పైపు తోటివాడికిచ్చి బండి తీశాను. పార్కున్న క్యాతగానచెర్లు నుంచి మా ఊరి మలుపు దాకా దారికి రెండు పక్కలా ప్యానెళ్లే. చిన్నాయన వేరుశనగ పండించిన చేను వాటి కిందే ఉంది. ఏ వరుస కిందో నేను చెప్పలేను. ఆయన చెప్పగలిగేవాడు.

మా నాన్నకు తమ్ముడాయన. పిల్లలు లేరు. ఈ చుట్టుపక్కల చాలామందికి ఆయన పడవ కొన్న మనిషిగానే తెలుసు. నవ్వుతూ చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ పడవ కొన్నప్పుడు నేను పక్కన ఉన్నాను కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

భూమి లీజుకు ఇచ్చాక ఆయన ఎద్దులను అమ్మేశాడు. ఖాళీ కొట్టాన్ని మాత్రం రోజూ చిమ్మేవాడు. అట్లాంటి రోజుల్లో ఒక ఏడు వానలు బాగా కురిసి, పినాకిని ఏరు పారి, మా చెరువు నిండి, మిగులు నీళ్లు పోయే మరవ మీదుగా పొర్లాయి. నాకు ఊహ తెలిశాక అట్లా చూడడం అదే మొదలు. జనం వచ్చి చూసి పోయారు. చిన్నాయన మాత్రం కట్ట మీదనే కూర్చునేవాడు. ఒక సాయంత్రం నాతో చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు, కరువుకు, రాళ్లు మోసే పనికి గుంపుతో సముద్రం ఒడ్డుకు పోయాడట. అక్కడ తెరచాప కట్టిన చిన్న పడవలను చూశాడట. ఎక్కింది లేదు.

"ఒక మనిషి, ఒక గుడ్డ, అంతే. ఎద్దు లేదు, ఇంజను లేదు. పోతాండాది," అన్నాడు. చెరువు వైపు చెయ్యి చూపి, "ఈ నీళ్లు ఇంకిపోయే లోపల ఒక్కసారి నా చేత్తో నడపల్లప్పా. పోయి, మళ్లా ఈడికే రావల్ల," అన్నాడు.

కొత్త పడవ మాట మేం తలపెట్టలేదు. వాడిన వాటి కోసం ఫోన్లో వెతికాను. మొదట చూసింది బెంగళూరు దోవలో ఒక చెరువు పక్క షెడ్డులో. ఫైబరుది, పొడుగ్గా, నీలం రంగుతో మెరుస్తూ ఉంది. రెండు తెరచాపలు. అమ్మే కుర్రాడు దాని వేగం గురించి చాలా చెప్పాడు. నాకు నచ్చింది.

గొడ్ల సంతలో చిన్నాయన ముందుగా ఎద్దు ముఖం చూసేవాడు కాదు. గిట్టలు చూసేవాడు, తర్వాత మెడ మీద కాడి పుండు మచ్చలు చూసేవాడు. ఇక్కడా అట్లే వంగి, అడుగంతా చేత్తో తడుముకుంటూ పోయాడు. తెరచాప కొయ్య నిలబెట్టే చోట బొటనవేలితో నొక్కాడు. అక్కడ మెత్తగా లోపలికి పోయింది. కొత్త రంగు ఎందుకు కొట్టారని ఒక్కమాట అడిగి, బయటికొచ్చేశాడు. ఆ మెత్తబడ్డ చోటు బాగు చేయించుకోవచ్చు కదా, అంత జోరుగా పోయే పడవను ఎందుకు వదలాలని దారిలో అడిగాను.

"అది కోడెప్పా. నేర్చినోని చేతిలో బాగుంటాది. నేనిప్పుడు నేర్చుకునేవాణ్ణి. దోవ తెలిసిన ముసలెద్దు కావల్ల నాకు."

అట్లాంటిది ఒక డ్యాము నీళ్ల పక్కన దొరికింది. చెక్కది, పొట్టిది. ఒకే తెరచాప, దానికీ అతుకులు. అమ్మేది రిటైరైన ఒక పెద్దాయన. కన్నడంలో మాట్లాడాడు. సంతలో అడిగినట్టే చిన్నాయన ముందు అడిగింది, ఎందుకు అమ్ముతున్నారని. ఆయన ప్యాంటు పైకి లాగి వాచిన మోకాలు చూపించాడు. ఎక్కలేకపోతున్నానన్నాడు. చిన్నాయన ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాడు. తర్వాత పెద్దాయన పడవను నీళ్లలోకి తోయించి, తెరచాప ఎట్లా వదలాలో, బోల్తా పడితే ఎట్లా నిలబెట్టుకోవాలో ఒడ్డు నుంచే చెప్పి చేయించాడు. నీళ్లలో తేలే కోటు తొడుక్కోకుండా ఎక్కొద్దన్నాడు. చిన్నాయన మధ్యమధ్య అడుగున అరచెయ్యి పెట్టి తడి చూసుకున్నాడు. వచ్చేటప్పుడు పెద్దాయన పడవ మీద చెయ్యేసి కాసేపు నిలబడ్డాడు. దాన్ని బాగా చూసుకుంటానని చిన్నాయన చెప్పాడు. నీళ్లకు దూరంగా ఉంచుతామని పెద్దాయనకు తట్టలేదు. ఎట్లా ఉంచాలో అడగాలని మాకూ తెలియలేదు.

టెంపోలో తెస్తుంటే టీ అంగడి ముందు ఒకతను ఆపాడు. "ఏం మామా, సముద్రం యాడుండాదో కనుక్కొని వచ్చినావా?"

"మనం పోయేదేంది, అదే వచ్చిండాది కదప్పా మనూరికి," అన్నాడు చిన్నాయన.

ఎద్దులు నిలిచిన చోటే, కొట్టంలో, ఎండ తగలకుండా పెట్టాడు దాన్ని. రోజూ తుడిచేవాడు. ఎండాకాలమంతా అట్లే ఉంది. ఆయన ఆషాఢం గాలి కోసం కాచుకున్నాడు. కళ్లంలో తూర్పారబట్టిన మనిషి, ఆ గాలి ఆయనకు బాగా తెలుసు. ఆషాఢంలో ఎవరైనా కొత్త పని మొదలుపెడతారా అని చిన్నమ్మ అడ్డం పడింది. గాలి పంచాంగం చూసుకుని రాదన్నాడు. చెరువు అప్పటికే సగానికి వచ్చింది.

నీళ్లలోకి తోయగానే ప్రతి సందులోంచీ నీళ్లు వచ్చాయి. మోకాటి లోతుకు పోకముందే పడవ బురదలో కూర్చుంది. కట్ట మీదున్నవాళ్లు నవ్వారు. మోసపోయామనుకుని, పెద్దాయనకు చేద్దామని నేను ఫోన్ తీశాను. చిన్నాయన వద్దన్నాడు. పలకల మధ్య గోరు పెట్టి చూశాడు. కొట్టంలో ఎండి చెక్క కుంచించుకుపోయింది. ఆ సందులోకే చూస్తూ, "బండి చక్రం ఎండి వదులైతే ఏం చేస్తాంటిమి?" అన్నాడు. తనను తానే అడుక్కున్నాడు.

నీళ్లలో నానేస్తారు. పడవనూ అట్లే ముంచి, లోపల రాళ్లు పేర్చాడు. అది నీళ్లు తాగిందాకా కట్ట వదల్లేదు. అన్నం నేనే తీసుకుపోయి ఇచ్చాను. రాళ్లు తీసి, నీళ్లు తోడేశాక తేలింది. అడుగున చెయ్యి పెట్టి చూసి తల ఊపాడు.

మొదటిసారి గాలికి పక్కవాటుగా జారి తుమ్మచెట్లలో ఇరుక్కున్నాడు. పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక ఒకటి ఉంటుంది. గాలికి పక్కకు జారనివ్వనిది అదే. దాన్ని దించడం మరిచాడు. నడుములోతు నీళ్లలో పడవను లాక్కుంటూ వచ్చి, "మడక దించకుండానే దున్నబోతిని," అన్నాడు. మళ్లీ పోయినప్పుడు పలక దించాడు. చొక్కా జేబులోంచి వేరుశనగ పొట్టు కొంచెం తీసి వదిలాడు. అది ఎటు పోతుందో చూసి తెరచాప లాగాడు. ఆ అలవాటు చివరిదాకా ఉంది. చెరువు అవతలి ఒడ్డు దాకా పోయి, తిరుక్కుని, గాలికి ఎదురు ఏటవాలుగా అటూ ఇటూ మలుపుకుంటూ, నేను నిలబడ్డ చోటికే వచ్చాడు. తాడు నా చేతికిచ్చి నీళ్లలోకి దిగాడు.

"పోయి వచ్చినా," అన్నాడు.

ఆ ఏడు నీళ్లున్నన్నాళ్లు నడిపాడు. చిన్నమ్మ ఒక్కసారే ఎక్కింది. రెండు అంచులూ పట్టుకుని కళ్లు మూసుకుంది. దిగాక, నడుమ ఒకసారి కళ్లు తెరిస్తే మన ఇల్లు ఎంత చిన్నగా కనబడిందో అని చెప్పింది.

తర్వాత వానలు తగ్గాయి. చెరువులో మేకలు మేసే రోజులొచ్చాయి. పడవ కొట్టంలోకి తిరిగొచ్చింది. ఈసారి ఇటుకల మీద నిలబెట్టి, లోపల రోజూ నీళ్లు పోశాడు. కొళాయి రాని రోజుల్లో బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు. తాగేదానికే కటకటగా ఉంటే పడవకు నీళ్లు పోస్తాడని ఊళ్లో అన్నారు. చిన్నమ్మా ఊరుకోలేదు. "గొడ్లకు పెట్టినట్ల దీనికీ కుడితి పెట్టల్లనా?" అంది.

"చెరువు నిండేపొద్దుకు ఇది ఎండిపోయుంటే ఎట్లమ్మీ?" అన్నాడాయన.

చెరువు మళ్లీ నిండలేదు. ఆయన పోయాడు.

దినాలైన మరునాడు బంధువులు కొట్టం ముందు కూర్చుని ఆ పడవ సంగతి ఎత్తారు. ఒకరు పొయ్యిలోకి పనికొస్తుందన్నారు. ఇంకొకరు మేకలకు నీళ్ల తొట్టిగా అడిగారు. నన్నూ అడిగారు. డ్యాము పక్కనున్న పెద్దాయనకే ఇచ్చేద్దామన్నాను. అదే మంచిదనిపించింది. చిన్నమ్మ లేచింది. లోపలికి పోయి, బియ్యం కడిగిన నీళ్లు తపేలాతో తెచ్చింది. పలకల వెంట, సందు సందుకూ, మెల్లగా పోసింది. తపేలా బోర్లించి పక్కన పెట్టి, నేల మీద మోకాళ్లూని, పడవ కింద చెయ్యి పెట్టి తడిమింది.

"ఏంది చిన్నమ్మా?" అన్నాను.

"కారతాండాదేమోనని," అంది.

చెయ్యి బయటికి తీసి మా ముందు చాపింది. అరచేతికి పొడి మన్ను అంటుకుని ఉంది.