కద్మా లైబ్రరీలో నేను పెట్టిన రూలు

రిటైరైన మూడో నెలకే నేను ఇంట్లో అందరికీ బరువయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా ప్లాంట్ ల్యాబ్‌లో ఉక్కు శాంపిళ్లు పరీక్షించిన అలవాటు ఊరికే పోదు కదా. సాంబారులో చింతపండు ఎక్కువైందని, వాషింగ్ మెషీన్‌లో సబ్బుపొడి తక్కువైందని, మావారు పొద్దున నడిచే నడక నడకే కాదని రోజంతా రిపోర్టులిస్తూ ఉండేదాన్ని. ఒకనాడు ఆయన చేతిలో పేపరు పక్కన పెట్టి, "మన లైబ్రరీలో వాలంటీర్లు కావాలట. బోర్డు పెట్టారు. ఓసారి వెళ్లి చూసి రారాదూ?" అన్నారు. ఆ గొంతులోని ఆశ చూసి నాకే జాలేసింది. వెళ్లాను.

హిందీ మాట్లాడే మా ఉక్కు ఊళ్లో, కద్మా మార్కెట్ వెనక ఉన్న ఆ లైబ్రరీ రెండు గదులు, ఒక వరండా. అంతే. నోటీసు బోర్డు మాత్రం రైల్వే స్టేషన్ టైంటేబుల్‌ని తలపిస్తుంది. సోమవారం ఫారాలు నింపడంలో సాయం, బుధవారం ఆడవాళ్లకు కంప్యూటర్, నెలకోసారి కళ్ల పరీక్ష, శనివారం పిల్లలకు కథలు. హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ కథలకు వేళలు రాసి ఉన్నాయి. తెలుగు అని రాసి పక్కన ఖాళీ వదిలేశారు.

లైబ్రేరియన్ బెంగాలీ ఆవిడ. నా వయసే ఉంటుంది. "ఆప్ తెలుగు హై నా?" అని అడిగి, నేను తల ఊపేలోపే ఆ ఖాళీలో 'నాలుగు గంటలకు' అని రాసేసింది.

మొదటి శనివారానికి నేను పరీక్షకు వెళ్లేదానిలా తయారయ్యాను. తెలుగు అరలో ఉన్న జంతువుల కథల పుస్తకం తీసుకుని, ఇంట్లో మూడుసార్లు గట్టిగా చదువుకున్నాను. ఏడుగురు పిల్లలు వచ్చారు. వచ్చారనడం కంటే తల్లులు తెచ్చి దించిపోయారనడం నిజం. నేను గొంతు సవరించుకుని, "ఒకానొక అడవిలో..." అని మొదలుపెట్టానో లేదో ఒకడు కిసుక్కున నవ్వాడు. ఆ 'ఒకానొక' అన్న మాట వాళ్లకి ఎక్కడ తగిలిందో గాని, "ఒకానొక, ఒకానొక" అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుని దొర్లి దొర్లి నవ్వారు.

జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె ముందు వరసలో కూర్చుంది. చెయ్యెత్తి, "ఆంటీ, యే కౌన్‌సీ భాషా హై?" అని అడిగింది. ఇది ఏ భాష అని అడిగితే ఏం చెప్పను?

"తెలుగేనమ్మా," అన్నాను.

"హమారే ఘర్ మే తో ఐసా నహీ బోల్తే," అంది. వాళ్లింట్లో ఇలా మాట్లాడరట. నిజమే. ఆ పిల్లల ఇళ్లలో వినబడేది శ్రీకాకుళం, విజయనగరం పల్లెల తెలుగు. నేను చదువుతున్నది వాళ్లకి పేపర్లో వచ్చే టెండరు ప్రకటన లాంటిది.

రెండో వారం ఇంకా ఘోరం. నక్క ద్రాక్షతోటలోకి అడుగు పెట్టేసరికి నలుగురు ఆవలిస్తున్నారు. అప్పుడు పక్క గదిలోంచి ఓ గొంతు వినిపించింది. "అలగ సదివితే నిద్దరొచ్చెత్తాదమ్మా పిల్లలికి."

పేపర్ల గదిలో రోజూ కూర్చునే పెద్దాయన. డెబ్బై దాటి ఉంటాయి. ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్ నుంచి ఆటోలో వస్తాడు. అక్కడే ఒక ఫ్యాక్టరీలో ఓవర్‌హెడ్ క్రేన్ నడిపి రిటైరయ్యాడు. మా లైబ్రరీకి తెలుగు పేపరు విశాఖ నుంచి రైల్లో ఒకరోజు ఆలస్యంగా వస్తుంది. ఆయన వచ్చేది దానికోసమే. ఆలస్యమైనందుకు విసుగు లేదా అని లైబ్రేరియన్ అడిగితే, "నిన్నటి వార్త ఈయేళ సదివితే బెంగుండదు. జరిగీదేదో జరిగిపోయుంటాది," అన్నాడట.

"అయితే మీరు చెప్పండి బాబాయ్ గారూ," అన్నాను. వెటకారంగానే అన్నాను. ఆయన దాన్ని పట్టించుకోకుండా వచ్చి, పిల్లల మధ్య స్టూలు మీద కూర్చున్నాడు.

"నాను క్రేన్ తోలీవోణ్ణి. ఇంత ఎత్తున," అని చెయ్యి పైకప్పు దాకా చాపాడు. "నిచ్చెనెక్కి క్యాబిన్‌లోకెల్లాల. రెండ్రోజులు సెలవెట్టి వచ్చీసరికి నా సీటు పక్కన ఏటుందో తెలుసా? గోరింక గూడు. మూడు గుడ్లు. కింద ఫోర్‌మన్ ఈలేసేత్తన్నాడు, క్రేన్ తియ్యి, క్రేన్ తియ్యి అని. హుక్కుకేమో ఇనుము ఏలాడతంది. తీస్తే గుడ్లు పడిపోతాయి. తియ్యకపోతే నా ఉజ్జోగం పడిపోతాది."

అక్కడితో ఆపి కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. "ఫిర్ క్యా హువా?" అని, తర్వాతేమైందని ఏడు గొంతులూ ఒక్కసారి లేచాయి.

"ఫిర్ ఏటి ఫిర్? వచ్చీ శనివారం."

వచ్చే శనివారానికి పదకొండు మంది వచ్చారు. ఆయన పెళ్లికూతురి పల్లకీ మోసినట్టు క్రేన్‌ని మెల్లగా నడిపాడట. తిట్టడానికి నిచ్చెనెక్కి వచ్చిన ఫోర్‌మన్, అప్పుడే గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లను చూసి నోరు మూసుకుని దిగిపోయాడట. మర్నాటి నుంచి నానబెట్టిన శనగలు కాగితంలో పొట్లం కట్టి పంపేవాడట. పొట్టి జుట్టు పిల్ల అనుమానంగా, "యే సచ్ హై?" అని, ఇది నిజమేనా అని అడిగింది. ఆయన ఆలోచించి, "సగం," అన్నాడు. ఏ సగమో చెప్పలేదు.

పిల్లలు సంతోషంగా ఉన్నారు, తల్లులు సంతోషంగా ఉన్నారు, లైబ్రేరియన్ అయితే బోర్డు మీద చిన్న క్రేను బొమ్మ కూడా వేసింది. సంతోషంగా లేనిది నేనొక్కదాన్నే. పిల్లలు వస్తూనే నన్ను దాటుకుని పేపర్ల గదిలోకి పరుగెత్తేవాళ్లు. నేను పుస్తకం పట్టుకుని, బస్సు తప్పిపోయినదానిలా నిలబడేదాన్ని. ఎం.ఎస్సీ. చదివినదాన్ని, ల్యాబ్‌లో నా సంతకం లేకుండా ఒక్క శాంపిల్ కదిలేది కాదు, ఇక్కడ ఒక గోరింక ముందు ఓడిపోయాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, దాని పేరు అసూయే.

అయిదో శనివారం పిల్లలు రాకముందే ఆయన దగ్గరికి వెళ్లాను. "బాబాయ్ గారూ, ఏమీ అనుకోకండి. ఇది పుస్తకాల కార్యక్రమం. పుస్తకంలో ఉన్న కథలే చెప్పాలని లైబ్రరీ రూలు," అన్నాను. అలాంటి రూలు లేదు. నా నోట్లో అప్పుడే పుట్టింది.

ఆయన వాదించలేదు. పేపరు నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచాడు. "తప్పయిపోనాదమ్మా, తెల్దు," అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు పిల్లలు వచ్చి, "క్రేన్‌వాలే దాదాజీ కహాఁ హై?" అని అడిగారు. ఒంట్లో బాగాలేదన్నాను. అది రెండో అబద్ధం. తర్వాతి వారం ముగ్గురు వచ్చారు. ఆ పై వారం పొట్టి జుట్టు పిల్ల ఒక్కతే వచ్చింది. అదీ వాళ్లమ్మ పుస్తకాలు మార్చుకోవడానికి వస్తే వెంట వచ్చింది. నేను చదువుతుంటే అది కిటికీలోంచి మార్కెట్‌ని చూస్తూ కూర్చుంది. తెలుగు పేపరు పేపర్ల గదిలో మడత విప్పకుండా అలాగే ఉంది. ఆయన ఇన్ని రోజులు రాకుండా ఎప్పుడూ లేడని లైబ్రేరియన్ బెంగపడుతుంటే ఇక ఉండబట్టలేక నిజం చెప్పేశాను.

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. రూల్సు పుస్తకం తీసి నా ముందు పెట్టింది. "దిఖాయియే, కహాఁ లిఖా హై?" అంది. చూపించమంటోంది, ఎక్కడ రాసుందో. నేను ఆ పుస్తకం మూసేశాను. అప్పుడు ఫక్కున నవ్వి, రెండు వారాల తెలుగు పేపర్లు కట్టగట్టి నా చేతిలో పెట్టింది. పేపర్లు బయటికివ్వకూడదన్నది మాత్రం నిజంగా అక్కడ రూలే.

బిష్టుపూర్‌లో ఆటో మారి ఆదిత్యపూర్ చేరాను. క్రేన్ నడిపిన తెలుగాయన అని అడిగితే టీ కొట్టువాడే సందు చూపించాడు. వరండాలో ఆయన భార్య కొత్తిమీర బాగుచేస్తోంది. నేను లైబ్రరీ నుంచి వచ్చానని చెప్పగానే నన్ను పైనుంచి కిందకి చూసింది.

"ఓలమ్మా, ఆ రూలమ్మ మీరేనా? రండి, కూకోండి. ఈయన ఇంటికాడ కూకున్న కాణ్ణుంచి నా ప్రాణం తోడెత్తన్నాడు. కూరలో ఉప్పెంతెయ్యాలో నాకు సెప్తన్నాడు. నలబై ఏళ్ల నుంచి వండతన్నాను నాను! ఎలగైనా తీస్కుపొండమ్మా."

నాకు మావారు గుర్తొచ్చారు.

లోపలినుంచి పెద్దాయన వచ్చాడు. నన్ను చూసి గాభరాగా కుర్చీ వేశాడు. పేపర్ల కట్ట ఇచ్చి, కూర్చోకుండానే చెప్పేశాను. "అలాంటి రూలేమీ లేదు బాబాయ్ గారూ. నేనే కల్పించాను. పిల్లలు మీ చుట్టూ చేరుతుంటే ఓర్చుకోలేకపోయాను."

ఆయన కట్ట వైపు, నా వైపు చూశాడు. "అంత సదువుకున్నోరు, అబద్దమాడినారా?"

"ఆడాను."

"నా మీద కుల్లుకుని?"

"అవును."

ఆయన ముఖంలో మెల్లగా ఏదో వెలిగింది. భార్య వైపు తిరిగి, "ఇన్నావా? మేడమ్‌గారు నా మీద కుల్లుకున్నారట," అన్నాడు. అంత పెద్ద మెచ్చుకోలు ఆయనకి జీవితంలో దొరికినట్టు లేదు.

టీ తాగుతూ అసలు మాట చెప్పాడు. "కోపమొచ్చి మానీలేదమ్మా. సిగ్గేసినాది. ఉజ్జోగమంతా పైనొక్కణ్ణే కూకున్నోణ్ణి. కింద ఈలెయ్యడం, పైన నాను లివర్ లాగడం. మాటకి మనిషి లేడు. పిల్లలలా నోరెల్లబెట్టి నా మాట వింటంటే ఒల్లు మరిసిపోనాను. మీరలగ అనీసరికి, నాకేటి అర్హతుందిలే అనుకున్నాను."

మళ్లీ రమ్మని అడిగాను. వస్తానన్నాడు, కాని ఒక షరతు పెట్టాడు. "మీ పుస్తకం కూడా ఉండాల. నా కతలకి నవ్వుతారు గాని, అచ్చరాలు రావు వోల్లకి. నా మనవరాలు తెలుగులో దాని పేరే సదవలేదు. నానొక కత, మీరొక పేజీ."

ఆ శనివారం లైబ్రేరియన్ ఫోన్లు చేసి తల్లులందరికీ చెప్పింది. పద్నాలుగు మంది వచ్చారు. ఆయన మనవరాలు కూడా వచ్చింది. ఆయన గోరింక పిల్లకి ఎగరడం నేర్పే దగ్గర ఆపగానే నేను పుస్తకం తీశాను. ఈసారి నక్క చేత మా నాయనమ్మ పల్లె మాటలు మాట్లాడించాను. 'ఒకానొక'ని గుమ్మం బయటే వదిలేశాను. ద్రాక్షపళ్లు అందక నక్క వెనక్కి తిరిగినప్పుడు నేను ఊపిరి తీసుకోవడానికి ఆగాను.

"తర్వాత ఏటైనాది?" అంది పొట్టి జుట్టు పిల్ల.

అది తెలుగులో మాట్లాడడం నేను వినడం అదే మొదలు. పాత అలవాటు కొద్దీ 'ఏమైంది' అని దిద్దబోయి నాలుక కరుచుకున్నాను. పెద్దాయన నాకేసి చూసి కనుబొమలు ఎగరేశాడు.

ఇప్పుడు మా కార్యక్రమం గంటన్నర నడుస్తోంది. కథ ఆయనది, పేజీ నాది, ఆఖరి పావుగంట అక్షరాలు దిద్దడం. పిల్లల్ని దించిపోయే తల్లుల్లో ఇద్దరు మొహమాటపడుతూ వచ్చి, తామూ ఇక్కడే పుట్టి హిందీ బడిలో చదివామని, తెలుగు రాయడం రాదని, వెనక కూర్చోవచ్చా అని అడిగారు. వాళ్లకీ పలకలు తెప్పించాం. నేను పేజీ చదివేటప్పుడు ఇప్పటికీ ఒకరిద్దరు ఆవలిస్తారు. వాళ్లలో ఒకాయన వయసు డెబ్బై దాటింది.