పువ్వు అట్టల మీద గోల్‌కీపర్లు

పోయిన నెల కర్నూల్లో మా ఇంటికి ఒక కుర్రవాడు వచ్చాడు. హాకీ ఆడే పిల్లల కోసం పాత ఫొటోలతో, పాత స్టిక్కులతో ఏదో ప్రదర్శన పెడుతున్నారట, వెనకటి తరం గోల్‌కీపర్ల సంతకాల కార్డులు నా దగ్గర ఉన్నాయని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చాడు. బీరువాలోంచి పందొమ్మిది కార్డులూ తీసి ముందు పెట్టాను. ఒక్కొక్కటే అపురూపంగా పట్టుకుని చూస్తూ చూస్తూ, ఒకదాన్ని వెనక్కి తిప్పి, "ఈ బెజ్జాలేంది మేడం, ఈ నంబరేంది?" అని అడిగాడు. ఏవో పాత అట్టలు నాయనా, నా లెక్క కోసం వేసుకున్న నంబర్లు అని చెప్పేశాను. అరవై ఎనిమిదేళ్ల వయసులో కూడా ఆ అబద్ధం తడుముకోకుండా వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మగ్గాల ఇళ్లలో పెరిగిన నా ఈడు వాళ్లకైతే ఆ బెజ్జాలు చూడగానే తెలిసిపోయేది. కడప జిల్లాలో మాది నేత వీధి. చీర అంచులో పువ్వు రావాలంటే మగ్గం మీదున్న జకార్డు పెట్టెలో బెజ్జాలు కొట్టిన అట్టలు ఒకదాని వెనక ఒకటి తిరగాలి. వాటికి వరసగా నంబర్లు వేసి, దారంతో దండలా కుట్టి, పని లేనప్పుడు దూలానికి వేలాడదీసేవాళ్లు. ఒక ఇంటి డిజైను ఇంకో ఇంటికి తెలియకూడదు. ఉప్పూ చింతపండూ ఇచ్చిపుచ్చుకునే ఇళ్ల మధ్య కూడా అట్టల దండ మాత్రం చేతులు మారేది కాదు. మా ఇంట్లో ఆ అట్టలు కొట్టేదీ, నంబర్లు వేసేదీ, వాటితో నేసేదీ మా చిన్నాయన. సొంత చిన్నాయన కాదు, వరసకు. సొంత మగ్గం లేక మా నాయన దగ్గర కూలికి నేసేవాడు.

నాకప్పుడు పదిహేడేళ్లు, కడపలో ఇంటర్ చదువుతున్నాను. కాస్త ఒళ్లున్నదాన్ని, పరుగెత్తలేనని హాకీ జట్టులో నన్ను గోల్‌లో నిలబెట్టారు. మొదట్లో ఏడ్చినా, కాళ్లకు ఆ బరువైన ప్యాడ్లు కట్టుకుని నిలబడటం అలవాటయ్యాక నాకు మరో ధ్యాస లేకపోయింది. గోల్ కొట్టినవాళ్ల బొమ్మలు పేపర్లో పడతాయి, ఆపినవాళ్లవి పడవు కదా అని ఒక ఉక్రోషం కూడా మొదలైంది. మా డ్రిల్లు టీచరమ్మ తండ్రి రైల్వే జట్టుకు ఆడినాయన, ఆయన పుస్తకంలో పాత ఆటగాళ్ల చిరునామాలుండేవి. అందులోంచి గోల్‌కీపర్లను మాత్రం ఏరుకుని, తలా ఒక ఉత్తరం రాసి, సంతకానికి ఒక కార్డూ, తిరుగు కవరూ పెట్టి పంపాలనుకున్నాను. కార్డు పోస్టులో నలగకుండా గట్టిగా ఉండాలి, గట్టి అట్టలకు మా ఇంట్లో కొదవేముంది!

దూలానికి ఒక మూల పువ్వంచు డిజైను దండ వేలాడుతుండేది. ఆ అంచు చీరలు అడిగేవాళ్లు లేక మూడేళ్లుగా దానికి దుమ్ము పట్టింది. ఇక దాని పని అయిపోయిందని నాకు నేనే తీర్మానించేసుకున్నాను. ఇంట్లో అందరూ పెళ్లికి పోయిన ఒక మధ్యాహ్నం, దండ నడుమ దారం తెంచి పన్నెండు అట్టలు తీసుకుని, మిగిలినదాన్ని మళ్లీ కుట్టి, నేత ఇంటి పిల్లను కదా, ఎక్కడ తెగిందో తెలియకుండా ముడి వేశాను. ఆ ముడి చూసుకుని మురిసిపోయాను కూడా. అట్టను రెండుగా కోసి, ముందువైపు తెల్లకాగితం అంటించి, పైన వాళ్ల పేరు ముచ్చటగా రాసి, కింద సంతకానికి చోటు వదిలాను.

జవాబులు వస్తాయని నిజంగా అనుకోలేదు. వచ్చాయి. ఒకాయన, తన భార్యకు తప్ప ఇంకెవరికీ తాను గోల్‌కీపర్నని గుర్తు లేదనుకున్నానని రాశాడు. ఇంకొకాయన వేలు ఎప్పుడో బంతి తగిలి వంకరపోయిందట, సంతకం వంకరగా ఉన్నందుకు పదిహేడేళ్ల పిల్లను క్షమాపణ అడిగాడు. ఆ ఉత్తరాలు దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని.

అంతలో రాయచోటి వ్యాపారి ఒకాయన పెళ్లి చీరలకు పువ్వంచే కావాలని పట్టుబట్టాడు. చిన్నాయన దండ దించి జకార్డుకెక్కిస్తూ నంబర్లు చూసుకుంటే నడుమ పన్నెండు లేవు. దాచిపెట్టే మనిషి కాదు, తానే పోయి మా నాయనకు చెప్పాడు. నాయన దండను వెలుతురులో పట్టుకుని చూశాడు. ఎలుక కొట్టిన జాడ లేదు, చిరిగిన జాడ లేదు, పొందికగా వేసిన ముడి ఉంది. అది చెయ్యి తిరిగిన నేతగాడి ముడి అన్నాడు. తీసినవి కూడా సరిగ్గా పువ్వు వచ్చే అట్టలు కావడంతో, ఎవరికో డిజైను చేరిపోయిందని ఆయన తేల్చేసుకున్నాడు.

మర్నాడు పొద్దున వీధి పొడుగునా పడుగు దారాలు సాగదీసి, అన్ని ఇళ్ల వాళ్లూ గంజి పెడుతూ నిలబడి ఉండగా, నాయన అందరి ముందూ చిన్నాయనను అడిగాడు. "ఎవరికిచ్చినావప్పా మా పువ్వును?"

"నేను తీయల్యా అన్నా. నా బిడ్డ మీద ఒట్టు," అన్నాడు చిన్నాయన.

నేను అరుగు మీదే ఉన్నాను. కాలేజీకి బయలుదేరిన నా సంచిలో ముందురోజు వచ్చిన కార్డు ఉంది. ఒక్క మాట చాలు. చెబితే ఆట మాన్పిస్తారని, చదువు కూడా మాన్పిస్తారని భయం. భయం కన్నా పెద్దది ఇంకొకటి, ఇప్పటికీ చెప్పడానికి నోరు రాదు, ఇంకా ఐదు కార్డులు రావాల్సి ఉన్నాయి. వాటి కోసం ఎదురుచూస్తూ ఆ మనిషిని వీధిలో అలా వదిలేసి బస్సెక్కాను.

ఆ తర్వాత మా వీధిలో ఎవరూ ఆయనకు మగ్గం ఇవ్వలేదు. పక్క ఊళ్లకూ ఆ మాట పాకింది. పెళ్లాన్ని, మూడేళ్ల కూతుర్ని తీసుకుని మంగంపేట ముగ్గురాయి గనులకు పోయాడు. సన్నని దారాల్లో బతికిన వేళ్లతో రాళ్లెత్తాడు. మా నాయన పోయేదాకా ఆయన్ను దొంగ అనే అనుకున్నాడు. నేను డ్రిల్లు టీచర్నై, ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు ఆటలో నిజాయితీ గురించి పాఠాలు చెప్పాను.

ఆ కుర్రవాడు వెళ్లిపోయిన వారానికి కార్డులు పట్టుకుని మంగంపేట పోయాను. చిన్నాయన పోయి చాలా ఏళ్లైంది, కూతురు ఉంది, తనకూ ఇప్పుడు యాభై దాటాయి. అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. తను సంతకాల వైపు చూడనే లేదు. కార్డులు బోర్లించి వాళ్ల నాయన వేసిన అంకెలను ఒక్కొక్కటే వేలితో తడిమింది.

"నాకు చెప్తే ఏమొస్తాదక్కా? మా నాయన తీయల్యాదని నాకు ముందు నుంచీ తెల్సు. ఆ పొద్దు ఆ మాట ఇన్నోళ్లుండారు సూడు, వాళ్లకు చెప్పు పో," అంది. మంచినీళ్లిచ్చి, బస్సు దాకా వచ్చింది.

మా వీధికి పోయాను. మగ్గం చప్పుడు ఒక్కటి లేదు. పడుగు సాగదీసిన చోట సిమెంటు రోడ్డు, దాని మీద మోటారు సైకిళ్లు. ఇళ్లు చేతులు మారాయి. ఇప్పుడు డిజైన్లు కంప్యూటర్లో గీస్తారట, ఫోన్లో ఒకరికొకరు పంపుకుంటారట, దాచేవాళ్లూ లేరు, దొంగిలించాల్సిన పనీ లేదు. ప్రతి గడపా ఎక్కి అడిగాను. ఆ పొద్దున అక్కడ నిలబడినవాళ్లు కొందరు పోయారు, కొందరు ఏ ఊళ్లో ఉన్నారో ఎవరికీ తెలియదు. ఒక మనిషి పరువు తీయడానికి ఆనాడు వీధి నిండా జనం ఉన్నారు. దాన్ని తిరిగి అప్పగిద్దామంటే వినడానికి ఒక్కరు దొరకలేదు.

అందుకే ఇక్కడ, నలుగురూ చదివే చోట రాస్తున్నాను. మీలో ఎవరైనా చిన్నప్పుడు ఆ వీధిలో, పడుగు పక్కన నిలబడి ఆ మాట విని ఉంటే, మీ పెద్దవాళ్లు ఇంట్లో ఆయన్ను దొంగ అనగా విని ఉంటే, దయచేసి గుర్తు తెచ్చుకోండి. చిన్నాయన తీయలేదు. నేను తీశాను.