సోమ్లీ యాడి కట్టిన తొట్టెల

నిన్న పొద్దున మా అమ్మాయి లావణ్య భూపాలపల్లి బస్టాండులో దిగి, చంకలో ఎనిమిది నెలల పాపతో, చేతిలో ఒక కవరుతో ఇంటికి వచ్చింది. కవరు వంటింటి గట్టు మీద పెట్టగానే మల్లెపూల వాసన గుప్పుమంది. విప్పి చూశాను. మాల కట్టని విడిపూలు, పావుకిలో దాకా ఉంటాయి. విడిపూలు అన్ని ఎందుకో పెద్ద ఆడవాళ్ళకు చెప్పనక్కర లేదు. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను: పిల్లకు పాలు మాన్పించే తల్లి వాటిని పలుచటి గుడ్డలో చుట్టి రొమ్ములకు కట్టుకుంటుంది. మూడు నాలుగు రోజుల్లో పాలు ఎండిపోతాయంటారు. నేను తలలో మల్లెపూలు పెట్టుకోక ఇరవై నాలుగేళ్ళయింది. ఎవరైనా అడిగితే వాసనకు తలనొప్పి వస్తుందని చెబుతుంటాను.

లావణ్యకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. నర్మెట్ట దగ్గర ఒక ఊళ్ళో పంచాయతీ కార్యదర్శి. సోమవారం చేరాలి. అల్లుడి పని హైదరాబాదులో. పాపను నా దగ్గర వదిలిపెడతానని, నన్ను కొన్నాళ్ళు సెలవు పెట్టమని అడగడానికి వచ్చింది. "నన్ను నాయనమ్మ సాదలేదా అమ్మా? మంచిగనే ఉన్న గద," అంది. నన్ను పొడవాలని అన్న మాట కాదది. అయినా దిగబడింది. ఆ పూల ముందు నిలబడి ఉండగానే సోమ్లీ యాడి గుర్తుకు వచ్చింది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. ఆమె ఫొటో కూడా నా దగ్గర లేదు.

అప్పట్లో మాది ఒక్క సంసారం, మూడు ఊళ్ళు. మా ఆయన భూపాలపల్లి బొగ్గుబావిలో, అత్తగారు జనగామలో, నేను నెల్లికుదురు అవతల తండాల మధ్య నర్సుగా. ఇప్పుడవి మూడు జిల్లాలు గానీ అప్పుడు ఒకటే జిల్లా. ఉద్యోగం వచ్చేనాటికి లావణ్యకు సరిగ్గా ఎనిమిది నెలలు. అత్తగారు మంచి మనిషి. పిల్లను తాను చూసుకుంటానని, సర్కారు నౌకరి వదులుకోవద్దని ధైర్యం చెప్పింది. తానే వేపాకు నూరి నా రొమ్ములకు పూసింది. పిల్ల నోరు పెట్టి, చేదుకు మొహం ముడుచుకుని, ఏడ్చి, కాసేపటికి మళ్ళీ ఆశగా నోరు పెట్టింది. రెండో రోజుకు నన్ను చూస్తేనే మొహం తిప్పుకుంది. తర్వాత అత్తగారు మల్లెపూలు కట్టింది. మూడో రోజు నేను రైలెక్కి కేసముద్రంలో దిగి, నాకు పని ఇచ్చిన తండాకు చేరాను.

సోమ్లీ ఆ తండా మంత్రసాని. అరవై దాటిన మనిషి. తండా పిల్లాజెల్లా అంతా ఆమెను యాడి అనేవాళ్ళు, వాళ్ళ లంబాడీ భాషలో అమ్మ అని. మంత్రసానులు నర్సులకు అడ్డుపడతారని మాకు ముందే చెప్పి భయపెట్టారు గనక, మొదటి రోజే మంచి చేసుకుందామని ఆమె ఇంటికి వెళ్ళాను. ఆమె నా తల వైపు చూసింది, తర్వాత నా పైట వైపు చూసింది.

"తలల పూలు లేవు. వాసనెట్ల వస్తున్నది నర్సమ్మా?" అంది.

పైట ముందుకు లాక్కున్నాను. తెల్లచీర అప్పటికే తడిసి ఉంది. ఆమె నన్ను లోపలికి తీసుకుపోయి, తలుపు దగ్గరికి వేసి, గుడ్డ విప్పించింది. రొమ్ములు గడ్డకట్టాయి, ఒళ్ళు కాలిపోతోంది. వేడినీళ్ళలో బట్ట ముంచి కాపడం పెట్టి, పాలు గిన్నెలోకి పిండించింది. ఆ గిన్నెను ఇంటి వెనక్కి తీసుకుపోయి, ఎవరూ తొక్కని చోట గోడ మొదట్లో పోసి వచ్చింది. తల్లిపాల గొప్పతనం గురించి బొమ్మలున్న చార్టు అప్పుడు నా సంచిలోనే చుట్టి ఉంది. ఊరికంతా శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది నా పని.

నర్సు చదువు నేను చదివి వచ్చాను గానీ, నర్సు పని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆమె నాకు ఎన్నడూ అడ్డు రాలేదు. గర్భిణుల్ని మానుకోట దవాఖానకు పంపాలని నేను బతిమాలుతుంటే, నాకంటే ముందు ఆమే జీపు ఎక్కి కూర్చునేది. "నా చేతులకు బిడ్డ సంగతి ఎర్క. నెత్తురు సంగతి ఎర్క లేదు," అనేది. బిడ్డ పుట్టాక అందరూ బిడ్డ చుట్టూ చేరితే, ఆమె మాత్రం తల్లి పక్కన కూర్చునేది. ఆ తల్లి కడుపుకు ఇంత తినేదాకా అక్కణ్ణించి లేచేది కాదు. నేను ఇప్పటికీ అలాగే కూర్చుంటాను. కొత్తగా వచ్చిన పిల్లలు, మేడం ఏదో ఆలోచిస్తున్నారని అనుకుంటారు.

మిరప ఏరే రోజుల్లో తండా ఆడవాళ్ళు చంటిపిల్లల్ని వెంట తీసుకుపోయి, చేను గట్టు మీద చెట్టుకు చీర కట్టి పడుకోబెట్టేవాళ్ళు. ఎండ, ఘాటు, దుమ్ము. పిల్లలకు జ్వరాలు వస్తాయని నేను ఒకరోజు అందర్నీ నిలబెట్టి కోప్పడ్డాను. వాళ్ళు తలలు వంచుకుని విన్నారు. అందరూ పోయాక యాడి మెల్లగా అంది: "ఎంట తీస్కపోతే ఎండ తగుల్తది బిడ్డా. ఇడిసిపోతే ఏం తగుల్తదో నీకెర్కనే గద." నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆమె ఇంటి వైపు పోలేదు.

మూడో రోజు ఆమే వచ్చి, చూపించేది ఉందని పిలుచుకుపోయింది. ఇంట్లో దూలానికి కొత్త తాళ్ళతో ఒక తొట్టెల, పసిపిల్లల ఉయ్యాల, వేలాడుతోంది. ఎర్రటి మందపు గుడ్డ, అంచుల వెంట అద్దాలు, గవ్వలు. చత్వారం కళ్ళతో ఎన్నాళ్ళు కుట్టిందో.

"పిల్లను తీస్కరా," అంది. "నువ్వు సూదులేసుకుంట తిరుగు, నేను ఊపుకుంట కూసుంట. ఆకలైతే మొత్తుకుంటది, నీకు ఇనపడ్తది. తండా ఎంత పెద్దగున్నది? పిల్ల నోరు పెడితే పాలు మల్లొస్తయ్."

సరేనన్నాను. వచ్చే వారం తెస్తానన్నాను. తర్వాత వానలు తగ్గాక అన్నాను. ఆ తర్వాత మా అత్తగారు ఒప్పుకోవడం లేదని చెప్పాను. అది అబద్ధం. అత్తగారిని నేను అడగనే లేదు. నా బిడ్డ తండాలో, లంబాడోళ్ళ ఇంట్లో, వాళ్ళ మాట నేర్చుకుని పెరిగిందంటే జనగామలో నలుగురు ఏమంటారోనని సిగ్గుపడ్డాను. రోజూ ఆమె చేతి రొట్టె తిన్నాను. ఆమె కాపడంతో బతికాను. ఆమె తొట్టెలలో నా పిల్లను వేయడానికి మాత్రం నాకు నామోషీ అడ్డం వచ్చింది. ఈ మాట మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. తొట్టెల మాత్రం విప్పలేదు. నేను వెళ్ళినప్పుడల్లా అది ఖాళీగా, దుమ్ము లేకుండా ఉండేది.

శనివారం మధ్యాహ్నం రైలెక్కి జనగామ పోయేదాన్ని, ఆదివారం సాయంత్రం తిరుగు రైలు. లావణ్యకు మాటలు వచ్చాయి. అత్తగారిని అమ్మా అంది. నన్ను రైలమ్మ అంది. ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తనకు ఆరేళ్ళు వచ్చాక నాకు భూపాలపల్లికి బదిలీ అయి ముగ్గురం ఒక ఇంట్లోకి చేరాం. లావణ్య నెల రోజులు నాయనమ్మ కోసం ఏడ్చింది. నేను దగ్గరికి తీసుకుంటే ఒళ్ళు బిగించుకునేది, అచ్చం చుట్టాలావిడ ఎత్తుకున్నట్టు. ఇల్లు కట్టాం, కారు కొన్నాం, ఏ లోటూ లేకుండా చదివించాం. ఇప్పుడు ఈ వయసులో నాకు కావాలనిపించేది చాలా చిన్నది. ఒక్క గది, ఒక దూలం, పిల్ల ఏడిస్తే వినిపించేంత దూరంలో నా పని. అది ఒకప్పుడు నా చేతికి అందింది. నేనే వద్దన్నాను.

లావణ్య పెళ్ళి పత్రిక పట్టుకుని అన్నేళ్ళకు మళ్ళీ తండాకు వెళ్ళాను. యాడి పోయి అప్పటికే మూడేళ్ళు. ఆమె కోడలు నన్ను గుర్తుపట్టి, మంచినీళ్ళిచ్చి, పెట్టె తెరిచి ఆ ఎర్రగుడ్డ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తన పిల్లలు ముగ్గురూ పాత చీరల తొట్టెలలోనే పెరిగారట. "గిది నర్సమ్మ బిడ్డదని యాడి ఎవ్వలను ముట్టనియ్యలే," అంది. నేను ఆ పెళ్ళి పత్రికను ఆమె చేతిలో పెట్టి, చెప్పులేసుకోవడం మరిచిపోయి ఆ గుడ్డతో వాకిలి దాటాను.

నిన్న ఆ పూల కవరు పక్కకు పెట్టి, బీరువాలోంచి ఆ గుడ్డ తీశాను. ఎలాగూ సెలవు పెట్టేదాన్ని ఇక్కడెందుకు ఉండడం, నర్మెట్టకే వస్తానని చెప్పాను. పాలు మాన్పించవద్దన్నాను. మా ఆయన వండుకోగలడు, అప్పుడు వండుకోలేదా. లావణ్య ఒప్పుకోలేదు. "ఒక్కటే రూమమ్మా. నువ్వేడ పండుకుంటవ్?" అంది. ఒక్క రూము చాలన్నాను. అప్పుడు తొట్టెల సంగతి మొత్తం చెప్పాను, అత్తగారి మీద పెట్టిన అబద్ధంతో సహా.

లావణ్య గుడ్డ మంచం మీద పరిచి, అంచున ఒక్కో అద్దాన్నీ వేలితో తడుముతూ కూర్చుంది. ఒక అద్దం ఊడిపోయిన చోట దారం పోగు మిగిలి ఉంది. దాన్ని పట్టుకుని, నా వైపు చూడకుండానే అడిగింది.

"నేను దీంట్ల పట్టేదాన్నా అమ్మా?"

"పట్టేదానివి బిడ్డా," అన్నాను.